బోరు నుంచి బిందె దాకా: ఊరి తాగునీటిని కాపాడుకోవడం ఎలా?

ఊళ్లో నలుగురికి వాంతులు, విరేచనాలు పట్టుకోగానే అందరూ బోరునే తప్పు పడతారు. తీరా వెతికితే చాలాసార్లు బోరు బాగానే ఉంటుంది. వందల అడుగుల లోతు నుంచి శుభ్రంగా వచ్చిన నీళ్లు మూత లేని ట్యాంకులోనో, మురుగు కాలువలోంచి పోయే పైపు జాయింటు దగ్గరో, కుళాయి గుంటలోనో, చివరికి ఇంట్లో బిందెలోనో పాడవుతాయి. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగునీటి లైనులో మురుగు కలిసి పదిమందికి పైగా చనిపోయారు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయాయి. మహానగరమైనా చిన్న ఊరైనా నీళ్లు ఇంటికి వచ్చే దారిని కాపాడుకోకపోతే ఇదే జరుగుతుంది.

అందుకే ఈ పనిలో ఎక్కువ శ్రద్ధ దారి మీదే పెట్టమంటాను. కోట్ల రూపాయల పథకం వచ్చేదాకా ఆగక్కర్లేదు. కింద రాసినవాటిలో చాలా పనులు పంచాయతీ, వాటర్‌మ్యాన్, నలుగురు పట్టుదల ఉన్న మనుషులు కలిస్తే ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.

మొదటి అడుగు: నీళ్ల వెంట నడవండి

ఒక డ్రాయింగ్ షీటు, రెండు మూడు రంగుల పెన్నులు తీసుకోండి. వాటర్‌మ్యాన్, ఆశా కార్యకర్త, మహిళా సంఘం నుంచి ఇద్దరు, పాత పైపులైను ఎక్కడ వేశారో గుర్తున్న పెద్దాయన ఒకరు, బొమ్మ గీయగల హైస్కూలు పిల్లలు ఇద్దరు ఉంటే చాలు. బోరు దగ్గర మొదలుపెట్టి ట్యాంకు, అక్కణ్నుంచి మెయిన్ లైను, వాల్వులు, చివరి వీధిలో చివరి కుళాయి దాకా నడవండి. పైపు ఒక రంగులో, మురుగు కాలువలు ఇంకో రంగులో గీయండి. రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ పక్కపక్కనే పోతాయో అక్కడ ఎర్ర చుక్క పెట్టండి. మీ ఊరికి జబ్బు ఎప్పుడొచ్చినా ఆ ఎర్ర చుక్కల్లో ఒకచోట నుంచే వచ్చే అవకాశం ఎక్కువ.

ఈ నడక రెండుసార్లు చేయాలి. ఒకసారి నీళ్లు వదిలినప్పుడు, ఒకసారి ఆపేసిన తర్వాత. నీళ్లు వదిలినప్పుడు లీకేజీలు చిమ్ముతూ కనిపిస్తాయి కాబట్టి పట్టుకోవడం తేలిక. ఆపేశాక పైపులో ఒత్తిడి పడిపోతుంది. లోపలి నీళ్లు పల్లానికి జారుతుంటే పైన ఖాళీ ఏర్పడి, పొద్దున నీళ్లు చిమ్మిన అదే రంధ్రం సాయంత్రానికి చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీలుస్తుంది. రోజుకు గంటో రెండు గంటలో నీళ్లిచ్చే మన ఊళ్లలో పైపు మిగతా సమయమంతా ఖాళీగానే ఉంటుంది. కాబట్టి నీళ్లు ఆగాక ఆ లీకేజీ చుట్టూ ఏం నిలిచి ఉందో చూడటం తప్పనిసరి.

తెలంగాణలో మిషన్ భగీరథ, ఆంధ్రలో పెద్ద రక్షిత పథకాలు ఉన్న ఊళ్లకు శుద్ధి చేసిన నదీజలం ట్యాంకు దాకా వస్తుంది. ట్యాంకు నుంచి ఇంటి దాకా ఉన్న దారిని మాత్రం ఊరే చూసుకోవాలి.

రెండో అడుగు: బోరు, బావి, చెరువు చుట్టూ హద్దు

బోరు చుట్టూ సిమెంటు చప్టా పగుళ్లు లేకుండా ఉండాలి. కేసింగ్ పైపు నేల మీదికి కనీసం అడుగున్నర లేచి ఉండాలి. పక్కన పడ్డ నీళ్లు అక్కడే మడుగు కట్టకుండా చిన్న కాలువ తీసి దూరంగా మళ్లించాలి. మరుగుదొడ్డి గుంతలు, పెంటకుప్పలు, పశువుల కొట్టాలు 50 అడుగులకు లోపు ఉండకూడదు. ఇసుక నేలల్లో, భూగర్భజలం పైపైనే ఉన్నచోట ఆ దూరం ఇంకా పెంచాలి.

వాల్టా చట్టం అని మనం పిలిచే 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. పక్క చేలో లోతు బోరు పడితే ఊరి బోరు ఎండిపోవడం అందరం చూసిందే.

వదిలేసిన బోర్లను చాలామంది పట్టించుకోరు. మూత లేని పాత బోరు నేల మీది మురుగును నేరుగా భూగర్భజలంలోకి దింపే గొట్టం. పసిపిల్లలు పడి చనిపోయే ప్రమాదం ఎలాగూ ఉంది. అడుగు దాకా మట్టి, రాళ్లతో పూడ్చి పైన సిమెంటుతో మూసేయండి. ఇంకుడు గుంతల విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. డాబా మీద పడ్డ వాననీటిని వడపోసి బోరు పక్క గుంతలోకి పంపితే మేలే. వీధి నీళ్లు, కాలువ నీళ్లు మాత్రం తాగునీటి బోరు దగ్గరి గుంతలోకి రానివ్వకండి.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో సంగతి వేరు. అక్కడ చాలా ఊళ్లకు కాలువ నీళ్లతో నింపుకునే మంచినీటి చెరువే దిక్కు. వేసవిలో కాలువలు కట్టేసే లోపు నింపుకున్న నీళ్లే నెలల తరబడి తాగాలి. ఆ చెరువుకు కంచె ఉండాలి, గేదెలు దిగకూడదు, గట్టు మీద బట్టలు ఉతకకూడదు. పక్కనే చేపల చెరువో రొయ్యల చెరువో తవ్వితే ఊట నీరు గట్టు కింద నుంచి మంచినీటి చెరువులోకి చేరుతుంది. కాబట్టి తవ్వకముందే గ్రామసభలో అడ్డుచెప్పాలి, తవ్వాక మాన్పించడం పదింతలు కష్టం. కాలువ మళ్లీ వదిలినప్పుడు మొదట వచ్చే నీళ్లు చెత్త, కుళ్లిన గుర్రపుడెక్క అన్నీ మోసుకొస్తాయి. ఆ నీళ్లు దిగువకు పోయాకే తూము ఎత్తండి.

మూడో అడుగు: పరీక్ష చేయించండి

నీళ్లు తేటగా ఉన్నాయి, తియ్యగా ఉన్నాయి కాబట్టి మంచివే అనుకోవద్దు. ఫ్లోరైడుకు రంగు లేదు, రుచి లేదు. ఫ్లోరైడు వల్ల ఎముకలు, పళ్లు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1937లో, ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలోనే. ఆ తర్వాత నల్గొండ జిల్లాలో వంగిన నడుములు, కర్రల్లా బిగిసిపోయిన కాళ్లు ఎన్నో తరాలను పట్టి పీడించాయి. వాళ్లు తాగిన నీళ్లు చూడటానికి స్వచ్ఛంగానే ఉండేవి.

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500. అందులో ఊరివాళ్లు గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దీనికి సడలింపు లేదు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, గత్యంతరం లేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. మలంలో ఉండే ఈ-కోలై బ్యాక్టీరియా మాత్రం 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు.

బ్యాక్టీరియా పరీక్షను ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేయించాలి. రసాయనాల పరీక్ష ఏడాదికి ఒకసారి చాలు. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ల్యాబులు ఉన్నాయి. జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్ వాడటంలో శిక్షణ ఇవ్వాలన్నది నియమం. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో, కిట్టు ఎక్కడుందో కనుక్కోండి. పెట్టె సీలు కూడా విప్పకుండా పంచాయతీ బీరువాలో మూలుగుతుంటే వెంటనే బయటికి తీయించి, మందుల గడువు తేదీ చూడండి.

కిట్టుతోపాటు వచ్చే హెచ్‌టూఎస్ సీసా నాకు చాలా ఇష్టమైన పరీక్ష, ఎందుకంటే చదువు రానివాళ్లకు కూడా ఫలితం కంటికి కనిపిస్తుంది. చిన్న గాజుసీసాలో గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, ఇంట్లో వెచ్చగా ఉన్నచోట పెట్టాలి. 24 నుంచి 48 గంటల్లో నీళ్లు నల్లగా మారితే మలం కలిసిందని అర్థం. బోరు దగ్గర ఒక సీసా, ట్యాంకు కింద ఒకటి, ఊరి చివరి కుళాయి దగ్గర ఒకటి, ఎవరింట్లోనైనా బిందెలోంచి ఒకటి పట్టండి. నాలుగూ పక్కపక్కన పెడితే నీళ్లు ఏ మలుపులో చెడ్డాయో ఊరందరికీ తెలుస్తుంది. బోరు సీసా తేటగా ఉండి చివరి కుళాయి సీసా తారులా నల్లబడితే ఇక సర్పంచికి ఎవరూ వాదించి చెప్పక్కర్లేదు.

ల్యాబుకు పంపే నమూనా పట్టడంలో పొరపాటు జరిగితే ఫలితమే తప్పవుతుంది. రసాయన పరీక్షకు శుభ్రమైన సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి నింపండి. బ్యాక్టీరియా పరీక్షకు ల్యాబువాళ్లిచ్చిన సీసానే వాడాలి, దాన్ని కడగకూడదు. కుళాయి రెండు మూడు నిమిషాలు వదిలేశాక, మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టి, ఐసు పెట్టెలో అదే రోజు ల్యాబుకు చేర్చండి. సీసా మీద చోటు, తేదీ, సమయం రాయడం మరవకండి.

ఫ్లోరైడు, నైట్రేటు ఎక్కువని తేలితే నీళ్లు కాచినా, బ్లీచింగ్ వేసినా లాభం లేదు. కాస్తే నీరు ఆవిరై అవి ఇంకా చిక్కబడతాయి. వేరే బోరు నుంచో, నదీజలం పథకం నుంచో నీళ్లు తెచ్చుకోవడం మంచి మార్గం. కుదరకపోతే శుద్ధి చేసుకోవాలి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు రూపొందించి దానికి నల్గొండ పేరే పెట్టారు. ఆర్వో ప్లాంట్లు కూడా ఫ్లోరైడును తీసేస్తాయి. ఆర్వో క్యాన్ వాడేవాళ్లు క్యాన్ లోపల పాచి ఉందో లేదో చూసుకోవాలి. వడపోసిన నీళ్లు కడగని క్యాన్‌లో పోస్తే పెట్టిన ఖర్చు వృథా.

నాలుగో అడుగు: ట్యాంకు ఎక్కి చూడండి

మన నీళ్ల ట్యాంకుల మీద "శుభ్రపరచిన తేదీ", "తిరిగి శుభ్రపరచవలసిన తేదీ" అని రాసి ఉంటుంది. తేదీ మార్చడానికి సుద్దముక్కో కాస్త పెయింటో చాలు, ట్యాంకు ఎక్కాల్సిన పని లేదు. కాబట్టి ఆ రాతను నమ్మి ఊరుకోకండి. శుభ్రం చేసే రోజు పంచాయతీ సభ్యుల్లో ఒకరు, సంఘం మహిళల్లో ఒకరు దగ్గరుండాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి.

పైన చూడాల్సినవి మూడు. మ్యాన్‌హోల్ మూత ఉందా, తాళం పడుతోందా? గాలి గొట్టం, ఓవర్‌ఫ్లో పైపు మూతికి సన్నని జల్లెడ ఉందా? పావురాలు, కోతులు వాలే జాడ ఉందా? జల్లెడ ఊడిపోయిన ఓవర్‌ఫ్లో పైపులోంచి బల్లులు, పక్షులు లోపల పడి చచ్చిన ఉదంతాలు చాలా ఉన్నాయి. వంద రూపాయల జల్లెడతో ఆగే ప్రమాదం అది.

నెలకు రెండుసార్లయినా కడగాలి. నీళ్లన్నీ అడుగు వాల్వు తిప్పి వదిలేసి, గోడలు, అడుగు బ్రష్షుతో రుద్ది, ఒండ్రు బయటికి తోసి, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడిగి, మళ్లీ మంచినీళ్లతో కడిగి ఆ నీళ్లు వదిలేయాలి. లోపలికి దిగే మనిషి ప్రాణం అన్నిటికంటే ముఖ్యం. మూత తెరిచి గాలి ఆడనివ్వాలి, నడుముకు తాడు, పైన ఇంకో మనిషి తప్పనిసరి. మూసిన చోట బ్లీచింగ్ ఘాటు ఊపిరాడనివ్వదు. బ్లీచింగ్‌తో యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

ఐదో అడుగు: క్లోరిన్ లెక్క

ఊరి నీళ్లను కాపాడే మందుల్లో బ్లీచింగ్ పౌడరంత చవకది లేదు. మన ఊళ్లలో అంత అజాగ్రత్తగా వాడేది కూడా ఇంకోటి లేదు. గుప్పెడు పొడి తీసి నేరుగా ట్యాంకులో చల్లేస్తారు. ఒక రోజు నీళ్లు ఘాటుగా ఉండి జనం తిడతారు, మర్నాటి నుంచి అసలు వేయరు.

తాజా పౌడరులో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. బస్తా మూతి విప్పి తేమలో ఉంచితే వారాల్లోనే బలం తగ్గిపోతుంది. గడ్డకట్టి, వాసన రాని పౌడరు సున్నంతో సమానం. తయారీ తేదీ చూసి కొనండి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, నీడలో ఉంచండి.

మోతాదు వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు, మంచి పౌడరైతే. బలం తగ్గిన పౌడరైతే 4 గ్రాముల దాకా వేయాల్సి రావచ్చు. 40 వేల లీటర్ల ట్యాంకుకు 100 నుంచి 160 గ్రాములన్నమాట. ముందు ప్లాస్టిక్ బకెట్‌లో కొద్దిగా నీళ్లతో పల్చటి ముద్దలా కలపండి. తర్వాత బకెట్ ముప్పావు వంతు నింపి తిప్పి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. సున్నం అడుగున పేరుకుంటుంది. పైన తేరిన నీళ్లే ట్యాంకులో పోయాలి, అడుగు సున్నం బయట పారేయాలి. లేకపోతే నీళ్ల కాఠిన్యం పెరుగుతుంది. ట్యాంకు నిండుతుండగా పోస్తే బాగా కలుస్తుంది. కనీసం అరగంట, వీలైతే గంట ఆగి వాల్వు తిప్పాలి.

బావి అయితే నీళ్ల లెక్క ఇలా: వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చించి, నీటి లోతుతో హెచ్చించి, 3.14తో హెచ్చించి, 4తో భాగించండి. కొలతలు మీటర్లలో తీసుకుంటే వచ్చేది ఘనపు మీటర్లు, దాన్ని వెయ్యితో హెచ్చిస్తే లీటర్లు. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీళ్లున్న బావిలో సుమారు 28 వేల లీటర్లు ఉంటాయి, దానికి 70 గ్రాముల పౌడరు. బకెట్‌ను తాడుతో నీళ్ల కిందికి దింపి పైకీ కిందికీ ఆడిస్తే క్లోరిన్ అంతటా కలుస్తుంది. రాత్రి జనం తోడటం ఆగాక వేస్తే తెల్లారేసరికి సిద్ధం.

మోతాదు సరిపోయిందా లేదా అన్నది చివరి కుళాయి దగ్గర తేలుతుంది. నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే క్లోరోస్కోప్ గొట్టంలో నీళ్లు పట్టి, ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. వెంటనే, పది సెకన్లలోపే, పక్కన ఉన్న రంగుల పట్టీతో పోల్చండి. ఆలస్యమైతే రంగు ముదిరి లెక్క తప్పుతుంది. చివరి కుళాయిలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, జబ్బులున్న రోజుల్లో 0.5 ఉండాలి. ట్యాంకు కింద పసుపు బాగా వచ్చి, చివరి వీధిలో రంగే రాకపోతే మధ్యలో ఎక్కడో మురుగు కలిసి క్లోరిన్‌ను తినేస్తోందని అనుమానించండి. పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి, ఆ మందు ఒంటికి మంచిది కాదు. చేతులు కడుక్కోండి.

చివరి వీధి తరచూ ఎస్సీ కాలనీయో, ఊరికి ఎడంగా ఉన్న పేటో అయి ఉంటుంది. సచివాలయం పక్క కుళాయిలో రీడింగ్ తీసి రిజిస్టరు నింపేస్తే ఆ ఇళ్లకు అన్యాయం చేసినట్టే. రీడింగ్ రోజూ అక్కడే తీయాలి.

ఆరో అడుగు: పైపు, వాల్వు, కుళాయి గుంట

నీళ్లు సన్నగా వస్తున్నాయని ఇంటి ముందు గుంత తవ్వి, నేల మట్టానికి కింద పైపు కోసి బిందె పెట్టే అలవాటు మన ఊళ్లలో చాలాచోట్ల ఉంది. ఆ గుంతలో బిందె కడిగిన నీళ్లు, వీధి మురుగు, కుక్కలు తాగి వదిలిన ఎంగిలి అన్నీ నిలుస్తాయి. పైపు మూతి ఆ నీళ్లలో మునిగి ఉంటుంది. సరఫరా ఆగగానే ఆ గుంటలోని మురికంతా పైపు లోపలికి పోతుంది. మర్నాడు పొద్దున అదే మురికి కింది వీధి ఇళ్లకు మొదటి బిందెలో వస్తుంది. డయేరియా వ్యాపించిన ఊళ్లలో నేను మొదట వెతికేది ఈ గుంటలనే.

ఊరికే పూడ్పించేస్తే జనం మళ్లీ తవ్వుతారు, ఎందుకంటే వాళ్లకు నీళ్లు అందట్లేదు. ముందు ఒత్తిడి సరిచేయాలి. మెయిన్ లైనుకు నేరుగా మోటార్లు బిగించినవాళ్లను ఆపాలి. ఆ మోటారు పక్కింటి నీళ్లనే గాక లీకేజీ చుట్టూ ఉన్న మురుగును కూడా లాగేస్తుంది. తర్వాత ఎగువ, దిగువ వీధులకు వేర్వేరు వేళల్లో వాల్వు తిప్పాలి. నీళ్లు నేల మీదికి ఎక్కడం మొదలయ్యాక గుంటలు పూడ్పించి, రెండడుగుల ఎత్తులో స్టాండు, దానికి ట్యాప్ బిగించాలి. ఈ వరసలో చేస్తే జనం సహకరిస్తారు.

కాలువలోంచి పోయే పైపులను పైకెత్తి మళ్లించండి. వీలుకాకపోతే ఆ ముక్క వరకు జాయింటు లేని పైపు వేసి, పైన పెద్ద ఇనుప గొట్టం తొడగండి. పైపుకు సైకిలు ట్యూబు చుట్టి వదిలేసిన చోటల్లా కప్లింగ్ వేయించండి. వాల్వు చాంబర్లలో మురికి నీళ్లు నిలవకుండా తోడించి మూతలు పెట్టండి.

ఏడో అడుగు: ఇంట్లో

ఇక్కడ చెప్పేది తక్కువే. బిందెకు మూత, ముంచడానికి పొడవు కాడ గరిటె లేదా కింద ట్యాప్ ఉన్న డ్రమ్ము. చేత్తో చెంబు ముంచితే అప్పటిదాకా ఊరు చేసిన శ్రమంతా వృథా. చిల్లగింజ, పటిక నీళ్లను తేరుస్తాయి, క్రిములను చంపవు. తేరాక మరగ కాచాలి, లేదా పాకెట్ మీద రాసినట్టు క్లోరిన్ మాత్ర వేయాలి. ఏదీ దొరకని రోజున పాత చీరను నాలుగు మడతలు వేసి వడకట్టినా కొంత మేలే. బంగ్లాదేశ్ పల్లెల్లో ఇలా వడకట్టిన నీళ్లు తాగిన ఇళ్లలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ఒక అధ్యయనం చూపించింది.

ఎనిమిదో అడుగు: మురికి వదిలేవాళ్లను ఆపడం

ముందు మన సొంత మురుగు. ఇంటి వాడకం నీళ్లకు పెరట్లో ఇంకుడు గుంత, ఊరి కాలువ చెరువులో కలిసే ముందు మురుగు తేరే గుంతలు ఉపాధి హామీ పనుల్లో అడగవచ్చు. సెప్టిక్ ట్యాంకు లారీలు రాత్రిపూట చెరువు తూము దగ్గర వదిలిపోతుంటే బండి నంబరు, సమయం రాసుకుని పంచాయతీకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ వ్యర్థాన్ని శుద్ధి కేంద్రానికే తీసుకెళ్లాలి. వరంగల్‌లో 2017 నుంచే అలాంటి కేంద్రం ఉంది. పురుగుమందు డబ్బాలు, స్ప్రేయర్లు కాలువలో కడగకుండా రైతులతో మాట్లాడండి, చేలోనే ఒక మూల కడిగితే సరిపోతుంది. వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాలని ఊరు ముందే తీర్మానించుకుంటే నిమజ్జనం నాడు గొడవ ఉండదు.

ఫ్యాక్టరీ మురుగు దగ్గర పని కష్టం. పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లు నక్కవాగు రంగు మారడం దశాబ్దాలుగా చూశాయి, సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చూపించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ.

అలాంటి పోరాటంలో కోపం కన్నా రికార్డు పనిచేస్తుంది. మురుగు ఎక్కువగా వానపడ్డ రాత్రుళ్లు, పండగ సెలవుల్లో వదులుతారు. తేదీ, సమయం, చోటు కనిపించేలా ఫోనులో ఫోటో, వీడియో తీయండి. వాగులో గొట్టం కలిసే చోటుకు ఎగువన ఒక నమూనా, దిగువన ఒకటి పట్టించండి. రెండింటి తేడాయే మీ వాదన. చచ్చిన చేపలు, పశువులు ఉంటే పశువైద్యుడి చేత కాగితం రాయించండి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు, దాని నకలు కలెక్టరుకు సోమవారం అర్జీల్లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ ఫ్యాక్టరీకి ఏ షరతులతో అనుమతి ఇచ్చారో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కదలిక లేకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి వెళ్లవచ్చు. వివాదానికి కారణం పుట్టిన ఆరు నెలల్లోపు వేయాలన్న గడువు ఉంది కాబట్టి, అర్జీలు తిప్పుకుంటూ కాలం గడిపేయకండి.

తొమ్మిదో అడుగు: డబ్బు, మనుషులు

డబ్బు లేదనే జవాబు మొదట వస్తుంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుధ్యానికే కేటాయించింది. ఆ పద్దు కింద ఏ పని చేశారో గ్రామసభలో చదివి వినిపించమనండి. వాటర్‌మ్యాన్‌కు జీతం నెలనెలా అందుతోందా అని కూడా అడగండి. నెలల తరబడి జీతం రాని మనిషి రోజూ తెల్లారుజామున క్లోరిన్ కొలుస్తాడని ఆశించడం న్యాయం కాదు.

జబ్బు వచ్చేసిన రోజు

ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి ఒకే రోజు విరేచనాలు మొదలైతే ల్యాబు రిపోర్టు కోసం ఆగకండి. ఆ లైను వాల్వు వెంటనే కట్టేయించి, ట్యాంకరుతో క్లోరిన్ కలిపిన నీళ్లు తెప్పించండి. ఏఎన్ఎంకు చెప్పండి, 104కు ఫోను చేయండి, నీరసించినవాళ్లను 108లో పంపండి. ఓఆర్ఎస్ పాకెట్ సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం పాకెట్ కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. పసిపిల్లలకు తల్లిపాలు ఆపకూడదు.

రోగుల ఇళ్లను మొదటి రోజు గీసిన పటం మీద గుర్తు పెట్టండి. అవన్నీ ఏ ఎర్ర చుక్కకు దిగువన ఉన్నాయో చూసి అక్కడ తవ్వండి. లీకేజీ కట్టాక లైను మొత్తం క్లోరిన్ ఎక్కువగా కలిపిన నీళ్లతో నింపి రాత్రంతా ఉంచి, పొద్దున ఊరి చివర వాషవుట్ (లైను కడిగిన నీళ్లు బయటికి వదిలే వాల్వు) దగ్గర వదిలేయండి. ఆ నీళ్లు ఎవరూ తాగకుండా ముందే దండోరా వేయించండి. తర్వాత పరీక్ష కోసం మామూలు మోతాదుతో నీళ్లు వదిలి, చివరి కుళాయిలో క్లోరిన్ 0.5 వచ్చి, హెచ్‌టూఎస్ సీసా 48 గంటలు నల్లబడకుండా ఉన్నాకే సరఫరా మొదలైందని ప్రకటించండి. ఈలోపు తొందరపెట్టేవాళ్లు ఉంటారు. ట్యాంకరు మరో రెండు రోజులు తిప్పండి గానీ ఇళ్లకు సరఫరా మాత్రం మొదలుపెట్టకండి.